విడిదికి వచ్చినవాడు విడిచిపోవునది

కోనసీమలో మా అమ్మమ్మగారి ఇంట స్నానము చేసిన నీరు ఊరక పోయెడిది కాదు. నూతిచప్టా ప్రక్కనుండి జేనెడు వెడల్పు కాలువ యొకటి పెరటిలోని అరటిపాదులకును, అచ్చటినుండి కొబ్బరిమొదళ్లకును, తుదకు కందమళ్లకును సాగిపోవుచుండెడిది, వేసవి సెలవులలో చేరిన మనుమలము పోటీపడి చెంబులకొలది నీరు కుమ్మరించుకొనుచుండగా, ఆ వృద్ధురాలు మమ్ము కసరుకొనక, వంటయింటి గుమ్మమునుండియే "అరటిపాదు నిండిందిట్రా?" అని ఒక్క ప్రశ్న వేసెడిది. నీరు ఎచ్చటనుండి వచ్చినదో చేద తోడిన చేతులకు తెలియును. ఎచ్చటికి పోవుచున్నదో ఆ ప్రశ్న తెలుపును. బాల్యమున విన్న ఆ మాట విలువ నాకు చాల యేండ్లకు గాని బోధపడలేదు. బోధపడినది కూడ స్వగ్రామమున గాక, దూరమున కోల్‌కతా మహానగరమున, ఒక విలాసవంతమైన విడిదిలో.

హౌరా స్టేషనులో దిగి, హుగ్లీ వంతెన దాటి, నగరమును పడమటినుండి తూర్పునకు చీల్చుకొనిపోయి, ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్ అను పెద్దదారి ప్రక్కన నున్న ఒక హోటలులో ఆ సాయంకాలము దిగితిని. ప్రయాణపు బడలిక తీరువరకు జల్లుకొళాయి క్రింద నిలిచి, ఎంతసేపు నిలిచితినో ఎరుగక, వెలుపలికి వచ్చి చూచుకొందును గదా, గదిలోని దీపములన్నియు వెలుగుచున్నవి. శీతలయంత్రము 18 డిగ్రీలవద్ద వణకించుచున్నది. ఒక్క దేహము తుడుచుకొనుటకు మూడు తువ్వాళ్లు నేలపై పడియున్నవి. ఇంటివద్ద వరండాలోని దీపమొకటి పగలు వెలిగినచో బాధపడు నేను ఇచ్చట ఇట్లేల చేసితినని నన్ను నేను ప్రశ్నించుకొనగా, మనస్సు చెప్పిన సమాధానము ఒక్కటే: చెల్లించితిని గదా! ఆ సమాధానము నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. ఈ అధ్యాయము దానికి ప్రత్యుత్తరము.

రుసుము వేరు, ఋణము వేరు

గదికి చెల్లించిన ధనము యజమానికి చెందును. ఉద్యోగుల జీతములకు, భవనపు అప్పులకు సరిపోవును. కాని ఆ గదిలోనికి వచ్చిన నీటికి, గాలిని చల్లబరచుటకు ఎచ్చటనో మండిన బొగ్గునకు, పళ్లెములో మిగిలిన అన్నమును పండించిన మడికి ఆ ధనములో ఒక్క పైసయు చేరదు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, మనది కానిదానిని మన సొమ్ముగా భావించి వెచ్చించుచున్నాము. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మన పెద్దలు పుట్టుకతోనే మనిషి తలపై మోపిన బరువులో ఒక్కటియు ధనముతో తీరునది కాదు. వానిని నడవడితోనే తీర్చవలెను. విడిదిలో దిగినవాని ఋణము కూడ అట్టిదే.

ఆధునికులు ఈ సంగతిని గుర్తింపలేదని చెప్పరాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు నాపా లోయ ద్రాక్షతోటలకును మధువునకును లోకప్రసిద్ధము. అచ్చట యౌంట్‌విల్ అను చిన్న ఊరిలో 2009లో తెరచిన బార్డెసోనో అను 62 గదుల విడిది, భూగర్భములోని స్థిరమైన ఉష్ణోగ్రతను ఆధారముగా చేసికొని గదులను వెచ్చగాను చల్లగాను ఉంచునట్లు నిర్మింపబడి, హరితభవనములకిచ్చు లీడ్ గుర్తింపులో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణిని పొందినది. ఆ రాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు తల్లిదండ్రులు వచ్చినప్పుడు వారిని తరచు ఆ లోయకు తీసికొనిపోవుదురు. వంగదేశమునకు అట్టి ద్రాక్షతోటలు లేవు. కాని ద్రాక్షపరిమళమును తనలో దాచుకొన్న ఆకు ఒకటి కలదు, దాని కథ ముందు చెప్పెదను. ఇక హరితవిలాసమున్ననో కోల్‌కతాలోనే కలదు: బైపాస్ ప్రక్కన తామరకొలనులను మధ్య నుంచుకొని కట్టిన ఐటీసీ సోనార్, ప్లాటినం గుర్తింపుతో పాటు, క్యోటో ఒడంబడికననుసరించి కర్బన ఉద్గారముల తగ్గింపునకు యోగ్యతాపత్రము లందుకొన్న హోటళ్లలో ప్రపంచమున మొదటిదిగా పేరొందినది. దాని సరసనే 2019లో ఐటీసీ రాయల్ బెంగాల్ వెలసినది. అయినను, కట్టినవారు ఎంత శ్రద్ధతో కట్టినను, కొళాయి త్రిప్పు చేయి అతిథిదే గదా! సగము పని వారు చేసిరి. తక్కిన సగము మనకొరకు మిగిలియున్నది.

మొదటి పాఠము: నీరు ఎటు పోవును?

మరునాటి ఉదయమున తూర్పుగా పోయితిని. బైపాస్ దాటిన కొలదిసేపటికే నగరము తెగిపోయి, దిగంతమువరకు నీటిమళ్లు, వాని గట్లపై గుర్రపుడెక్క, నడుమ వలలు లాగు జాలరులు కనబడిరి. ఇవి తూర్పు కోల్‌కతా చిత్తడినేలలు. భూమి హుగ్లీ ఒడ్డునుండి తూర్పునకే వాలియుండుటచేత, నగరపు మురుగులో చాలభాగము నదిలోనికి గాక కాలువలగుండ ఈ వైపునకే వచ్చును. ‘భేరీ’లని పిలువబడు లోతులేని చెరువులలోనికి జాలరులు ఆ మురుగును కొలతగా వదలుదురు, ఎండ సోకి నాచు పెరుగును, నాచు వదలిన ప్రాణవాయువుచేత సూక్ష్మజీవులు మాలిన్యమును హరించును, ఆ నాచును, నీటిలోని సూక్ష్మప్రాణులను మేసి రోహు, కట్ల, మృగాల చేపలు బలియును, చేపలు నగరమునకు తిరిగి పోవును. చెరువులనుండి వెలువడిన నీరు వరిపొలములకు పారును. చెంతనే ధాపావద్ద నగరపు చెత్తను ఎరువుగా చేసికొని కాయగూరలు పండించుచున్నారు. యంత్రములతో కట్టిన శుద్ధికర్మాగారము చేయవలసిన పనిని ఇచ్చట సూర్యుడు, నాచు, చేప, జాలరి కలిసి చేయుచున్నారు.

1980 తరువాతి తొలి సంవత్సరములలో ధ్రువజ్యోతి ఘోష్ అను ఇంజనీరు, నగరపు మురుగు ఎటు పోవుచున్నదో తెలిసికొనవలెనని కాలువ వెంబడి నడచి ఇచ్చటికి చేరెను. చదువురాని జాలరులు తరతరములుగా నేర్చిన విద్యను ఆయన శాస్త్రభాషలో లోకమునకు తెలిపెను. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము ఆయనకు గ్లోబల్ 500 పురస్కారమిచ్చినది. 1992లో కలకత్తా ఉన్నతన్యాయస్థానము ఈ నేలలను పూడ్చి కట్టడములు కట్టరాదని తీర్పు చెప్పినది. 2002లో 12,500 హెక్టారుల ఈ సీమ రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2018లో ఘోష్ కీర్తిశేషుడయ్యెను. ఆ గట్టుమీద నిలిచిన నాకు తోచినదేమనగా, ఆ ఇంజనీరు జీవితమంతయు ప్రభుత్వమును, నగరమును అడిగిన ప్రశ్న మా అమ్మమ్మ వంటయింటి గుమ్మమునుండి అడిగిన ప్రశ్నయే. ఈ చిత్తడినేల కోల్‌కతా పెరటిలోని అరటిపాదు.

కనుక పాఠకమహాశయులు ఆచరింపవలసినది: విడిదిలో దిగినవెంటనే పరిచారకుని పిలిచి, "దాదా, ఈ స్నానపుగది నీరు ఎటు పోవును?" అని అడుగుడు. శుద్ధిచేసి తోటకు పారించుచున్నామని చెప్పువారున్నారు. తెలియదని చెప్పువారును ఉన్నారు. ఎట్టి సమాధానము వచ్చినను, అడిగినవాని చేయి ఆ తరువాత కొళాయిపై మునుపటివలె పడదు. లెక్క కూడ వేసికొనుడు: నిమిషమునకు 10 లీటర్లు విడుచు జల్లుకొళాయి క్రింద 15 నిమిషములు నిలిచినచో 150 లీటర్లు, 20 లీటర్ల బాల్చీలు ఏడున్నర. రెండు బాల్చీలతో శుభ్రముగా తలంటుకొన్న జాతి మనది.

రెండవ పాఠము: చల్లదనపు మర్యాద

కోల్‌కతా ఎండకంటె దాని ఉక్క కఠినము. వైశాఖజ్యేష్ఠములలో ఆ చెమటను అనుభవించినవాడు శీతలయంత్రమును నిందింపజాలడు, నేనును నిందింపను. కాని చల్లదనమునకు ఒక మర్యాద కలదు. మన దేశమున ఇంధనపొదుపును పర్యవేక్షించు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, 2020 జనవరి 1నుండి నక్షత్రగుర్తు గల గదియంత్రములన్నియు మొదట 24 డిగ్రీలవద్దనే పనిచేయునట్లు నియమించినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ఆ సంస్థ లెక్క. 18 డిగ్రీలలో దుప్పటి కప్పుకొని వణకుట సుఖము కాదు, సుఖమును గూర్చిన భ్రాంతి. 24 లేక 25 డిగ్రీలవద్ద యంత్రము నుంచి, పంకా మెల్లగా తిరుగనిచ్చి, పడమటి తెరను మధ్యాహ్నమునకు ముందే దించి, గది విడుచునపుడు అన్నియు ఆర్పి చూడుడు. రెండు రాత్రులలో దేహము దానికి అలవడును. ఈ అలవాటు మీతో ఇంటికి వచ్చును. విడిదివలన కలుగు నిజమైన లాభములలో ఇది యొకటి.

మూడవ పాఠము: పళ్లెములోని వినయము

పెద్ద హోటళ్లలో ఉదయభోజనశాల ఒక తిరునాళ్లవలె నుండును. కన్నులు ఆకలిగొన్నచో కడుపు చెప్పుమాట వినబడదు. మొదట పళ్లెము తీసికొనక, చేతులు ఖాళీగా శాలయంతయు ఒకసారి తిరిగివచ్చి, నేటికి ఈ మూడు చాలునని నిశ్చయించుకొని అప్పుడు పళ్లెమును తాకుడు. మరల కావలసినచో మరల పోవచ్చును. ఒక్కసారి వడ్డించుకొన్నదానిని మాత్రము తిరిగి పాత్రలో వేయరాదు.

వంగవాసుల వంటశాల ఈ విషయమున మనకు దగ్గరిచుట్టము. మనము బీరపొట్టుతో పచ్చడి చేయుదుము. వారు సొరకాయ, బంగాళదుంప తొక్కలతో ‘ఖోసా చచ్చడి’ చేయుదురు. మన అరటిదూట వారికి ‘థోడ్’, మన అరటిపువ్వు వారికి ‘మోచా’. చేపతలను పారవేయక బియ్యముతో కలిపి ‘ముడిఘంటో’ వండుదురు. కావున విదేశమునుండి విమానములో దిగిన పండ్లను, చీజులను గాక ఈ వంటకములను కోరి తెప్పించుకొనుడు. అతిథి అడిగినది వంటవాడు నేర్చును, అంగడివాడు తెచ్చును. హిల్సాచేపను గూర్చి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. మన గోదావరికి ఎదురీది వచ్చి పులసయగు ఆ చేపయే వారి ‘ఇలిష్’. 23 సెంటీమీటర్లకు తక్కువైన పిల్లచేపను పట్టుట, అమ్ముట పశ్చిమవంగ రాష్ట్రమున నిషిద్ధము. అయినను రుచికొరకు ఆశపడువారు లేకపోలేదు. పులస విలువ నెరిగిన తెలుగువాడు పిల్ల ఇలిష్‌ను తాకక, వర్షాకాలమున పూర్తిగా ఎదిగిన చేపకొరకు వేచియుండవలెను. వేచియుండుట కూడ భోజనములో ఒక భాగమే.

నాలుగవ పాఠము: పచ్చదోమ ఇచ్చిన పరిమళము

ఇక ఆ ఆకు కథ. తేయాకునకు కోల్‌కతా సంతపట్టణము. 1861 డిసెంబరు 27న ఈ దేశపు మొదటి తేయాకు వేలము ఇచ్చటనే జరిగినది. ఉత్తరమున డార్జిలింగు కొండలలో 1841లో ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ అను వైద్యుడు తన ఇంటితోటలో నాటిన గింజలనుండి ఆరంభమైన ఆ సేద్యము నేడు 87 తోటలకు పెరిగినది. 2004లో మన దేశమున భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి వస్తువు డార్జిలింగు తేయాకే. మధువు రుచిచూచువారు ఏ కొండవాలు, ఏ ఋతువు అని విచారించునట్లే, ఇచ్చటి రసజ్ఞులును ఏ తోట, ఏ కోత అని విచారింతురు. వానిలో మే, జూను మాసములందలి రెండవకోతకు ‘మస్కటెల్’ అను పేరు మస్కట్ ద్రాక్షనుండియే వచ్చినది.

ఆ ద్రాక్షపరిమళము ఎట్లు పుట్టునో విన్నచో ఆశ్చర్యము కలుగును. వేసవిలో పచ్చదోమలు లేతయాకులపై వ్రాలి రసము పీల్చును. గాయపడిన ఆకు తన్ను తాను కాపాడుకొనుటకై కొన్ని సుగంధద్రవ్యములను తనలో పుట్టించుకొనును. ఆ ద్రవ్యములే, ఆకు వాడి, నలిగి, ఎండినపిదప, కప్పులో ద్రాక్షవాసనగా లేచును. మన ప్రత్తిరైతునకు పచ్చదోమ బద్ధశత్రువు; ఆ కొండలలో అదే కుటుంబపు పురుగును విషము చల్లి సమూలముగా తుడిచిపెట్టినచో ఈ పరిమళమే లేకుండ పోవును. కొంత ఆకును పురుగునకు వదలివేయగలిగిన తోటవానికే ఆ రుచి దక్కినది. ప్రకృతితో పొత్తు కుదుర్చుకొనుటలో కొంత పోగొట్టుకొనుటకు సిద్ధపడుట మొదటి మెట్టని నాకు ఏ గ్రంథముకంటెను ఈ కప్పు బాగుగా బోధించినది.

అట్టి తోటలలోనే నేడు విలాసపు విడుదులు కూడ వెలసినవి. 1859లో కర్మాగారము స్థాపించుకొన్న మకాయ్‌బారి తోటలో అట్టిదొకటి కలదు. అంతదూరము పోలేనివారు కోల్‌కతాలోనే, హోటలులో కాగితపు పొట్లపు తేయాకునకు మారుగా, ఏ తోటదో ఏ కోతదో అడిగి ఆకును తెప్పించుకొని, పాలు చక్కెర లేక, మెల్లగా త్రాగుడు. వీధిలో త్రాగునపుడు మట్టిభాండముననే త్రాగుడు; ‘భాండ’మను సంస్కృతపదమునే వంగవాసులు ‘భాఁడ్’ అని కుదించిరి. అది పగిలి మట్టిలో కలియును.

విడిదిని ఎన్నుకొనుట

పచ్చరంగు పూసిన ప్రతి హోటలును హరితవిడిది కాదు. తువ్వాళ్లు మరల వాడి భూమిని కాపాడుడని మంచముపై చీటి పెట్టి, ఆ ప్రక్కనే నాలుగు ప్లాస్టిక్ సీసాలలో నీరుంచు గృహములును కలవు. గది నిశ్చయించుకొనుటకు ముందే నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపుడు: మురుగునీరు శుద్ధియగునా, అయినచో ఏమి చేయుదురు? త్రాగునీరు గాజుసీసాలలో ఇత్తురా? విద్యుత్తులో సూర్యునినుండి గాని గాలినుండి గాని వచ్చునది కలదా? కూరగాయలు, చేపలు ఏ ఊరివి? సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అను లీడ్ శ్రేణులలో తమది ఏదో చెప్పుడని కూడ అడుగుడు. సూటిగా సమాధానము చెప్పు గృహమునకు మీ ధనమిండు. ఆ ధనము మరియొక గృహమునకు ఉపదేశమగును.

మూడురోజుల అభ్యాసము

మొదటి దినమున నీటిని, గాలిని మాత్రమే గమనింపుడు: కొళాయి ఎన్నిసార్లు విప్పితిరో, యంత్రము ఎన్ని గంటలు నడచినదో రాత్రి ఒక కాగితముపై వ్రాయుడు. రెండవ దినమున పళ్లెమును గమనింపుడు: మూడు పూటలును ఏమియు మిగులకుండునట్లు భుజింపుడు. మూడవ దినమున మనుష్యులను గమనింపుడు: మీ పక్కబట్టలు మార్చువారి పేరు అడిగి, ఆ పేరుతో పిలిచి, తువ్వాలు నేలపై గాక కొక్కెమునకు తగిలించి, బయలుదేరునపుడు వారు వంగి ఏరవలసినది ఏదియు లేకుండ గదిని అప్పగింపుడు. ఈ మూడు దినములలో సుఖము ఏమాత్రము తగ్గినదో మీరే నిర్ణయించుకొనుడు. నా అనుభవమున తగ్గలేదు, నిద్ర మాత్రము గాఢమైనది.

దారిపేరు

బయలుదేరు ఉదయమున కారు వచ్చులోపల ఆ ఐటీసీ సోనార్ ద్వారముముందునుండి నడచుచు, దారిపేరు చదివితిని: జె.బి.ఎస్. హాల్డేన్ అవెన్యూ. ఆ ఆంగ్లేయ జీవశాస్త్రజ్ఞుడు 1957లో స్వదేశమును విడిచి, కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో పనిచేయుటకు వచ్చెను. మన తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడు. అతిథిగా వచ్చినవాడు ఈ దేశపు పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించునప్పటికి, తన దేహము ఎటు పోవలెనో ఆయన ముందే నిశ్చయించియుండెను: విద్యార్థులు శరీరశాస్త్రము నేర్చుటకై దానిని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చివేసెను.

మా అమ్మమ్మగారి అరటిపాదులకు ఆ కళాశాల ఎంతో దూరము కాదు. వచ్చినచోట అన్నియు అనుభవించి, తుదకు దేహమును సైతము వృథాగా పోనీయక ఎవరికో పాఠముగా విడిచిపోయిన ఆ అతిథి పేరు గల దారిపై నిలిచి, గదిలో కొళాయి సరిగా కట్టితినా లేదా అని సందేహము కలుగగా, మెట్లెక్కి తిరిగి పోయి చూచి వచ్చితిని.